స్నూకర్‌కి కళ్లజోడా, కాంటాక్ట్ లెన్సా? వంగితే ఫ్రేమ్ అడ్డొస్తోంది

రెడ్ తర్వాత బ్లాక్

అందరికీ నమస్తే. నాకు రెండు కళ్లకూ -3.50 పవర్. కుడికంటికి అదనంగా -1.25 సిలిండర్ (ఒక దిశలో మాత్రమే దిద్దే పవర్) కూడా ఉంది. రోజూ వాడే కళ్లజోడుతోనే ఆడుతున్నాను. నిలబడి చూస్తే టేబుల్ మొత్తం శుభ్రంగా కనిపిస్తుంది. షాట్‌కి వంగి గడ్డం క్యూకి (బంతిని కొట్టే కర్రకి) ఆనించగానే ఫ్రేమ్ పైఅంచు సరిగ్గా ఆబ్జెక్ట్ బాల్ (పాకెట్‌లోకి పంపాల్సిన బంతి) మీదికి వచ్చి కూర్చుంటుంది. దాన్ని తప్పించుకోవడానికి తల కాస్త పైకెత్తి ఆడటం అలవాటైంది. దగ్గరి షాట్లకి ఇబ్బంది లేదు. దూరం నుంచి పాకెట్‌లో వేసే లాంగ్ పాట్‌లే పాకెట్ అంచుకి తగిలి బయటికొచ్చేస్తున్నాయి. కోచ్ "తల దించు" అంటాడు. దించితే కనపడదు!

కాంటాక్ట్ లెన్స్‌కి మారాలా, స్నూకర్ కోసం ప్రత్యేకంగా చేసే కళ్లజోడు చేయించుకోవాలా? రెండూ వాడినవాళ్లు చెప్పండి. లేజర్ ఆపరేషన్ ఆలోచన మాత్రం లేదు.

లాంగ్‌పాట్ లంబు

ఇందులో తేల్చుకోవడానికి ఏముంది బ్రదర్, కాంటాక్ట్ లెన్సే. ఫ్రేమ్ ఉండదు, జారదు, చెమటకి మసకబారదు, పైన లైట్ల మెరుపు అద్దంలో పడదు. కన్ను ఎటు తిరిగితే లెన్స్ అటే తిరుగుతుంది కాబట్టి ఎలా వంగినా చూపు లెన్స్ మధ్యలోంచే పోతుంది. నేను రోజుకో జత వాడి పారేసేవి వాడతాను. ఆటకి ముందు పెట్టుకుంటాను, ఇంటికెళ్లగానే తీసేస్తాను. మిగతా టైంలో కళ్లజోడే.

చాక్ డబ్బా

లంబూ, నీకు సిలిండర్ లేదు కాబట్టి అంత సులువుగా చెప్పేశావు.

నేనూ లెన్సులతోనే మొదలుపెట్టాను. మొదటి రెండు ఫ్రేములు (ఆటలో ఒక్కో రౌండ్‌ని ఫ్రేమ్ అంటాం) స్వర్గం. మూడో ఫ్రేమ్ నుంచి కళ్లలో ఇసుక పోసినట్టు ఉండేది. టెన్షన్‌గా ఉన్న షాట్ ముందు మనం రెప్ప వెయ్యం, గమనించారా? గురి చూస్తూ అలాగే ఉండిపోతాం. పైన లైట్ల వేడి, పక్కనే ఏసీ గాలి. లెన్స్ ఎండి, క్యూ వెనక్కి లాగే సమయానికి బంతి అంచు చెదిరినట్టు కనిపించేది. పైగా వేళ్లనిండా చాక్ (క్యూ కొనకి రాసే సుద్ద) పొడి. తెలియకుండా ఆ వేలితో కన్ను నలిపితే ఇక ఆ రోజు ఆట అయిపోయినట్టే.

ఇప్పుడు స్నూకర్ కళ్లజోడు వాడుతున్నాను. అది పెట్టుకుంటే మా అమ్మాయి నా పక్కన నడవదు, కానీ బంతి కనిపిస్తుంది.

బాక్‌లైన్ బాబాయి

చాక్ డబ్బా గారి అమ్మాయికి చెప్పండి, ఆ అవతారంలోనే ఒకాయన ప్రపంచ ఛాంపియన్ అయ్యాడని. డెనిస్ టేలర్. 1985లో షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో ఫైనల్. అవతల స్టీవ్ డేవిస్ మొదటి 8 ఫ్రేములూ వరసగా గెలిచేశాడు. టేలర్ ఒక్కో ఫ్రేమూ లాక్కుంటూ వచ్చి 17-17 చేశాడు. ఆఖరి ఫ్రేమ్, ఆఖరి నల్లబంతి. అది పడ్డాకే ఆ మ్యాచ్ మొత్తంలో మొదటిసారి ఆయన ముందుకొచ్చాడు. అర్ధరాత్రి దాటాక కూడా బ్రిటన్‌లో కోటీ 85 లక్షల మంది టీవీల ముందు కూర్చుని చూశారు. ఆ కళ్లజోడుని తలకిందులుగా పెట్టుకున్నాడని అందరూ నవ్వేవాళ్లు. దాన్ని చేసిచ్చింది జాక్ కార్నెమ్. బిలియర్డ్స్ ఆటగాడు, టీవీ వ్యాఖ్యాత కూడా. వంగినప్పుడు కన్ను ఎక్కడుంటుందో తెలిసినవాడు చేసిన జోడు అది.

అంతకంటే ముందే ఫ్రెడ్ డేవిస్ ఉన్నాడు. 1937లో ప్రపంచ పోటీల్లో బిల్ విథర్స్ చేతిలో ఓడాక, చూపు తగ్గిందని ఒప్పుకుని, అద్దాలు అటూ ఇటూ తిప్పుకునే కీలున్న జోడు చేయించుకున్నాడు. వంగినప్పుడు అద్దాన్ని చూపుకి ఎదురుగా తిప్పుకోవచ్చన్నమాట. తర్వాత ప్రపంచ టైటిళ్లు గెలిచాడు.

తమ్ముడూ, నా ఓటు జోడుకే. లెన్సుల మీద కోపం లేదు, నా కళ్లు వాటిని ఒప్పుకోలేదంతే.

కంటిపరీక్ష

నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, చూపు పరీక్షించి పవర్ రాయడం నా పని. ఆట అంతంతమాత్రం, 30 దాటిన బ్రేక్ (ఒక్క విడతలో వచ్చే పాయింట్లు) వస్తే నాకది పండగే. ఇది మాత్రం నా వృత్తిలో సంగతి కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను.

మామూలు కళ్లజోడు నిలబడి ఎదురుగా చూసేవాళ్ల కోసం, కిందికి చూసి చదివేవాళ్ల కోసం తయారవుతుంది. అందుకే అద్దం కిందిభాగం చెంపవైపు కొంచెం వంగి ఉంటుంది. స్నూకర్‌లో దానికి సరిగ్గా వ్యతిరేకం. ముఖం నేలవైపు ఉంటుంది, కన్ను కనుబొమల కిందనుంచి పైకి చూస్తుంది. చూపు అద్దం పైఅంచు దగ్గర, ఏటవాలుగా పోతుంది. దీంతో రెండు రకాల నష్టం.

మొదటిది, పవర్ మారుతుంది. ఏటవాలుగా చూస్తే మీ -3.50 అద్దం కచ్చితంగా -3.50లా పనిచెయ్యదు. లేని సిలిండర్ కొంచెం వచ్చి చేరుతుంది.

రెండోది ఆటకి ఇంకా ముఖ్యం. అద్దం ఆప్టికల్ సెంటర్‌లోంచి చూస్తే వస్తువు ఉన్నచోటే కనిపిస్తుంది. సెంటర్‌కి దూరమయ్యేకొద్దీ అద్దం ప్రిజంలా పనిచేసి బొమ్మని పక్కకి జరుపుతుంది. లెక్క తేలిక: సెంటర్ నుంచి ఎన్ని సెంటీమీటర్లు తప్పుకున్నారో దాన్ని పవర్‌తో గుణించండి. మీరు 1.2 సెం.మీ. పైనుంచి చూస్తున్నారనుకుంటే 1.2 × 3.5 = 4.2. అంటే మీటరు దూరంలో ఉన్న వస్తువు 4.2 సెం.మీ. జరిగినట్టు కనిపిస్తుంది. స్నూకర్ బంతి వ్యాసం 5.25 సెం.మీ. అని గుర్తుంచుకోండి.

"అన్నీ ఒకేలా జరిగితే గురికి నష్టమేంటి?" అని అడగొచ్చు. అన్నీ ఒకేలా జరగవు. వంగి ఉన్నప్పుడు క్యూ బాల్‌ని (క్యూతో కొట్టే తెల్లబంతిని) అద్దంలో కాస్త కిందనుంచి చూస్తారు, ఆబ్జెక్ట్ బాల్‌ని ఇంకా పైనుంచి చూస్తారు. రెండిటికీ జరుగుడు వేరు. అది నిలువుగానే ఉంటే మెదడు సర్దుకుంటుంది. సిలిండర్ యాక్సిస్ (అది ఏ కోణంలో ఉందో చెప్పే అంకె) ఏటవాలుగా ఉంటే (45, 135 డిగ్రీల చుట్టుపక్కల) మాత్రం పైకి చూసినా బొమ్మ పక్కకి జరుగుతుంది. అప్పుడు తిన్నగా ఉన్న క్యూ కూడా బంతి దగ్గర కాస్త వంకర తిరిగినట్టు అనిపిస్తుంది. మీ సిలిండర్ ఒక్క కంటికే ఉంది కాబట్టి రెండు కళ్లూ చెప్పే సమాచారం కూడా తేడాగా ఉంటుంది. మీ యాక్సిస్ ఎంత?

రెడ్ తర్వాత బ్లాక్

చీటీ చూశాను సార్. కుడికన్ను యాక్సిస్ 40.

కంటిపరీక్ష

అనుకున్నాను. లాంగ్ పాట్‌లు పోవడానికి తలెత్తడం ఒక్కటే కారణం కాకపోవచ్చు.

కాంటాక్ట్ లెన్స్ అయితే కంటితో పాటే కదులుతుంది, ఈ ప్రిజం గొడవ దాదాపు ఉండదు. సిలిండర్ ఉన్నవాళ్లకి టోరిక్ లెన్స్ ఇస్తాం. అది కంటిమీద గుండ్రంగా తిరిగిపోకుండా కిందిభాగం కాస్త మందంగానో, పైనా కిందా పలచగానో చేస్తారు. రెప్పవేసినప్పుడల్లా కదిలి, మళ్లీ సర్దుకుంటుంది. 10 డిగ్రీలు తిరిగి ఆగిపోతే సిలిండర్‌లో సుమారు మూడోవంతు దిద్దనట్టే లెక్క. మీకు -1.25 కాబట్టి 0.40 పైచిలుకు మిగిలిపోతుంది. వీధిలో నడిచేటప్పుడు అది తెలియదు. 3 మీటర్ల అవతల ఎర్రబంతి అంచు చూస్తున్నప్పుడు తెలుస్తుంది.

కాబట్టి ట్రయల్ లెన్స్ పెట్టించుకుని, కుర్చీలో కూర్చుని అక్షరాలు చదివి "బాగుంది" అని వచ్చేయకండి. వంగండి. పైకి చూస్తూ కొంతసేపు ఉండండి. అప్పుడు లెన్స్ మీది గుర్తు ఎక్కడికి పోయిందో పరీక్ష చేసేవాళ్లని చూడమనండి.

సైడ్‌స్పిన్ సీత

నాది -8.00. మీ అందరి కష్టాలూ నాకు రెట్టింపు. కళ్లజోడుతో ఆడినన్నాళ్లూ బంతులు గోళీల్లా కనిపించేవి. లెన్స్ పెట్టుకుని మొదటిసారి టేబుల్ దగ్గరికి వెళ్లినప్పుడు బంతులు పెద్దవైపోయాయని, పాకెట్లు కూడా వెడల్పు చేశారేమోనని అనిపించింది. ఆ వారమంతా కోణాలు తప్పాయి, దగ్గరి కట్ షాట్‌లు (బంతి పక్కని తగిలేలా కొట్టేవి) అనుకున్నదానికంటే మధ్యలోకి తగిలేవి. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు కళ్లజోడుతో ఆడమంటే ఆడలేను.

కంటిపరీక్ష

సీతగారు చెప్పింది అక్షరాలా నిజం. మైనస్ అద్దం కంటికి 12 మి.మీ. దూరంలో ఉండి బొమ్మని చిన్నది చేస్తుంది. -8.00కి అది దాదాపు 9 శాతం. -3.50కి 4 శాతం. లెన్స్ కంటిమీదే ఉంటుంది కాబట్టి అసలు సైజుకి దగ్గరగా కనిపిస్తుంది. కాంటాక్ట్ లెన్స్ పవర్ కూడా చీటీలో ఉన్నదే రాదు, -8.00 వాళ్లకి -7.25 దగ్గర వస్తుంది. కళ్లజోడు చీటీ చూపించి లెన్సులు కొనేసేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

లాంగ్‌పాట్ లంబు

చూశారా, లెన్సే గెలిచింది 😀

చాక్ డబ్బా

ఆగు ఆగు. -8.00 వాళ్లకి గెలిచింది. ఇక్కడ అడిగింది -3.50 ప్లస్ సిలిండర్ ఉన్నాయన.

బాక్‌లైన్ బాబాయి

కళ్లజోడు ఎలా చేయించుకోవాలో ఎవరూ చెప్పలేదు. కాస్త ఓపిక పట్టండి, వివరంగా రాస్తాను. చాలామంది పెద్ద ఫ్రేమ్ ఒకటి కొనేసి "స్నూకర్ జోడు కూడా పనిచెయ్యలేదు" అంటారు.

ఫ్రేమ్ ఎత్తుగా ఉండాలి. ముక్కుమీద కూర్చునే భాగం అద్దానికి మధ్యలోనో ఇంకా కిందనో ఉండాలి. అప్పుడే అద్దం కనుబొమ దాటి పైకి వస్తుంది. కాడలు అద్దానికి తగిలే కోణం సర్దుకునేలా ఉంటే మరీ మంచిది. అద్దం పైభాగం నుదుటివైపు, కిందిభాగం చెంపకి దూరంగా ఉండేలా తిప్పాలి. మామూలు జోడుకి ఇది తిరగేసిన లెక్క.

ఇక అసలు పని, ఆప్టికల్ సెంటర్ గుర్తు పెట్టడం. ఆప్టీషియన్ మామూలుగా మనల్ని ఎదురుగా కూర్చోబెట్టి కంటిపాప ఎత్తు కొలుస్తాడు. ఆ కొలత మనకి పనికిరాదు. నేను నా క్యూ పట్టుకెళ్లాను. ఆయన కౌంటర్ మీద ఉన్నవన్నీ తీయించి, దాని మీదికి వంగి, క్యూ ఆనడానికి ఎడమచేత్తో బ్రిడ్జ్ వేసి, గడ్డం క్యూకి ఆనించి, ఎదురుగోడ మీద ఒక చుక్క చూస్తూ ఉండిపోయాను. ఆయన మోకాళ్లమీద కూర్చుని నా ఎదురుగా వచ్చి, ఉత్తి ప్లాస్టిక్ అద్దం మీద మార్కర్‌తో రెండు చుక్కలు పెట్టాడు. నిలబడి చూసుకుంటే ఆ చుక్కలు రెండూ నా కనుబొమల దగ్గర ఉన్నాయి! ఒకటి ముక్కుకి కాస్త దగ్గరగా, ఇంకోటి దూరంగా. తల కొంచెం తిప్పి ఆడతానని నాకప్పుడే తెలిసింది.

అక్కడున్న వాళ్లంతా నన్ను వింతగా చూశారు. చూడనివ్వండి.

సైడ్‌స్పిన్ సీత

బాబాయిగారూ, తల కొంచెం తిప్పి ఆడతానన్నారే, ఆ మాట చాలా ముఖ్యం. క్యూ ఏ కంటికింద నడుస్తుందో కూడా చూసుకోవాలి. జో డేవిస్ కుడికన్ను బాగా బలహీనం, క్యూ ఎడమకంటి కింద పెట్టుకునే ఆడేవాడు. ఆ ఒక్క కంటి గురితోనే 1927 నుంచి 1946 దాకా 15 ప్రపంచ టైటిళ్లు గెలిచాడు.

కంటిపరీక్ష

అవును. పైగా ఇన్నాళ్లూ సరిగ్గా దిద్దని కంటికి కొత్తగా పూర్తి పవర్ ఇస్తే, ఏ కన్ను గురి చూస్తుందో కొందరిలో మారిపోతుంది. పాత క్యూ లైన్ తప్పినట్టు అనిపిస్తుంది. అప్పుడు కంగారుపడి స్టాన్స్ (నిలబడే తీరు) మార్చేసుకోకండి. కొన్నాళ్లు టేబుల్ మీది స్పాట్ గుర్తుల మీదుగా తిన్నటి షాట్లు కొట్టి చూడండి.

అద్దం మెటీరియల్ గురించి ఒక మాట. "సన్నగా ఉంటుంది" అని పాలికార్బొనేటో, 1.67 ఇండెక్స్ ఉన్న పలచటి అద్దమో అంటగడతారు. వాటి అబ్బే విలువ 30, 32 దగ్గర ఉంటుంది. సాదా సీఆర్-39 ప్లాస్టిక్‌కి అది 58. ఈ అంకె తక్కువైతే సెంటర్ దాటి చూసినప్పుడు తెల్లబంతి చుట్టూ నీలం, నారింజ అంచులు కనిపిస్తాయి. -3.50కి సీఆర్-39 చాలు, పెద్ద అద్దం కాబట్టి అంచు కాస్త లావుగా ఉంటుంది. ఆటలో ఎవరు చూస్తారు. యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ మాత్రం వదలొద్దు. టేబుల్ మీది లైట్లు అద్దం వెనకవైపు పడి కంట్లోకి మెరుస్తాయి.

నలభై దాటాక

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకు 52. దూరానికి -2.00, దగ్గరికి ప్లస్ అదనం. ప్రోగ్రెసివ్ (పైన దూరానికి, కింద దగ్గరికి పవర్ మారుతూ వచ్చే అద్దాలు) వాడుతున్నాను. స్నూకర్‌కి కూడా అదే వాడొచ్చా? మల్టీఫోకల్ కాంటాక్ట్ లెన్సులు బాగుంటాయని ఎవరో అన్నారు.

కంటిపరీక్ష

ప్రోగ్రెసివ్ వద్దు. పక్కల్లో బొమ్మ వంకరపోతుంది, గురికి అదే పెద్ద శత్రువు. మల్టీఫోకల్ లెన్సులు దూరాన్నీ దగ్గరినీ ఒకేసారి కంట్లోకి పంపి మెదడుని ఎంచుకోమంటాయి. కాంట్రాస్ట్ తగ్గుతుంది, లైట్ల కింద బంతి చుట్టూ వలయాలు కనిపించొచ్చు. ఒక కంటికి దూరం, ఇంకో కంటికి దగ్గర పెట్టే పద్ధతి ఆటకి అసలే పనికిరాదు.

ఒక్క పవర్ జోడు చాలు. టేబుల్ పొడవు 3.57 మీటర్లు. క్యూ బాల్ కంటికి ముక్కాలు మీటరు దూరంలో ఉంటుంది. దెబ్బ కొట్టే ముందు ఆఖరిచూపు ఆబ్జెక్ట్ బాల్ మీదే కాబట్టి దూరానికే ప్రాధాన్యం. మీ వయసులో క్యూ బాల్ మరీ మసగ్గా ఉంటే దూరపు పవర్‌ని 0.25, మహా అయితే 0.50 తగ్గించి చూడమనండి. స్కోరు రాయడానికి వేరే అద్దాలు పెట్టుకోండి.

బాక్‌లైన్ బాబాయి

యాభై రెండుకే దిగులెందుకండీ. మార్క్ విలియమ్స్ 50 ఏళ్ల వయసులో 2025 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడాడు. జావో షిన్‌టాంగ్ చేతిలో 18-12తో ఓడాడు, అది వేరే సంగతి. చూపు సరిగ్గా లేదని అప్పట్లో తనే బాహాటంగా చెప్పుకున్నాడు.

చాక్ డబ్బా

స్నూకర్ జోడు గురించి ఒక హెచ్చరిక. దాంతో మెట్లు దిగొద్దు, బండి అసలే నడపొద్దు. నిలబడితే మన చూపు అద్దం కిందిభాగంలోంచి పోతుంది, సెంటర్ పైన ఎక్కడో ఉంటుంది. నేల ఉన్నచోట ఉన్నట్టు ఉండదు. నేను రెండు షాట్ల మధ్య టేబుల్ చుట్టూ తిరగడానికి అలవాటుపడ్డాను గానీ, కుర్చీలో కూర్చునే ముందు ఇప్పటికీ చేత్తో తడుముకుంటాను.

లాంగ్‌పాట్ లంబు

సరే, లెన్స్ వాళ్లకి నా వంతు జాగ్రత్తలు. పెట్టేముందు చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకోండి. చాక్ పట్టాక లెన్స్ ముట్టుకోవద్దు. లెన్సుల మీద పనిచేసే, ప్రిజర్వేటివ్ లేని చుక్కల మందు సంచీలో ఉంచుకోండి. ఎదుటివాడు బ్రేక్ ఆడుతున్నప్పుడు కూర్చుని కావాలనే నెమ్మదిగా, పూర్తిగా రెప్పలు వెయ్యండి, అది మన రెప్పలకి దొరికే ఒకే ఒక్క విరామం. నల్లా నీళ్లతో లెన్స్ కడగడం, ఉమ్మి రాయడం లాంటివి ఎప్పుడూ చెయ్యొద్దు. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కంటి ముందుపొరని (కార్నియా) పాడుచేస్తుంది. లెన్స్ జారితే పెట్టుకోవడానికి ఇంకో జత, దానితో పాటు పాత కళ్లజోడు కూడా దగ్గరుంచుకోండి.

కన్ను ఎర్రబడి నొప్పి పుడితే తీసేయండి. మ్యాచ్ పోతే పోయింది.

రెడ్ తర్వాత బ్లాక్

అందరికీ చాలా థాంక్స్. ట్రయల్ టోరిక్ లెన్స్ పెట్టించుకున్నాను. కంటిపరీక్ష గారు చెప్పినట్టే వంగి చూపించాను. కుడికంటి లెన్స్ కాస్త తిరుగుతోంది గానీ రెండు మూడు రెప్పలకి వెనక్కి వస్తోంది. వేరే కంపెనీ డిజైన్ ఇంకోటి ప్రయత్నిద్దాం అన్నారు. టేబుల్ మీద తేడా మాత్రం కనిపించింది. గడ్డం పూర్తిగా క్యూకి ఆనినా ఏదీ అడ్డం రాలేదు. ప్రాక్టీస్‌కి రెండు గంటల లోపయితే లెన్సులు హాయిగానే ఉన్నాయి. ఆ తర్వాత చాక్ డబ్బా గారి ఇసుక మొదలవుతోంది.

రోజంతా జరిగే టోర్నీలకి స్నూకర్ జోడు ఆర్డరిచ్చాను. క్యూ పట్టుకెళ్లి కౌంటర్ మీద వంగాను బాబాయ్, చుక్కలు నాకూ కనుబొమల దగ్గరే పడ్డాయి.

నలభై దాటాక

ఇంకొక్క ప్రశ్న, ఇది మా అన్నయ్య కోసం. ఆయనకి గ్లాకోమా. టిమొలాల్ చుక్కలు వాడుతున్నాడు. పెద్ద పోటీల్లో ఆడాలంటే ఇబ్బంది ఉంటుందా?

కంటిపరీక్ష

ఉంటుంది, మంచి ప్రశ్న. టిమొలాల్ బీటా బ్లాకర్ మందు. గుండె వేగాన్ని, చేతుల వణుకుని తగ్గించే రకం కాబట్టి వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధిత జాబితా ప్రకారం స్నూకర్, బిలియర్డ్స్, పూల్ పోటీల సమయంలో బీటా బ్లాకర్లకి అనుమతి లేదు. కంట్లో వేసే చుక్కలైనా మినహాయింపు కాదు. మందు మాత్రం తనంతట తాను ఆపకూడదు, చూపు పోయే జబ్బు అది. కంటి డాక్టర్‌కి ఆడతానని చెబితే బీటా బ్లాకర్ కాని చుక్కలు, ఉదాహరణకి లాటానోప్రోస్ట్, సరిపోతాయేమో చూస్తారు. అవి పనిచెయ్యకపోతే వైద్య కారణాలతో మినహాయింపు కోసం పోటీకి ముందే దరఖాస్తు చేసుకోవాలి. క్లబ్బులో సరదాగా ఆడేవాళ్లకి ఈ తంటా లేదు.

నలభై దాటాక

ఆయన డాక్టర్ అపాయింట్‌మెంట్ వచ్చే వారమే ఉంది. ఈ పేజీ ప్రింట్ తీసి ఇస్తాను.